ఇమ్యునాలజీ గైడు ప్రచురణలను ఎలా అంచనా వేయాలి? పలాస విద్యార్థికి సమాధానం

మీరు అడిగింది ఇదీ. మీది పలాస దగ్గరి ఊరు. ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తిచేశారు, జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వచ్చింది, ఇమ్యునాలజీలో, అంటే రోగనిరోధక శాస్త్రంలో, పీహెచ్‌డీ చేయించడానికి ఇద్దరు ఒప్పుకున్నారు. హైదరాబాద్‌లోని ఆచార్యుడికి మూడు వందలకు పైగా పేపర్లు, హెచ్-ఇండెక్స్ 52. ఆయన ప్రపంచంలోని రెండు శాతం అగ్రశ్రేణి శాస్త్రవేత్తల్లో ఒకరని వార్తాపత్రికలో కూడా వచ్చింది. ఒడిశాలోని ఆచార్యురాలికి నలభై చిల్లర పేపర్లు, హెచ్-ఇండెక్స్ 17, పని అంతా బోదకాలు మీదే. ఇంట్లో అందరూ మొదటి ఆయన వైపు మొగ్గుతున్నారు. మీకు రెండో ఆవిడ పని నచ్చింది గానీ, ప్రభావం తక్కువ ఉన్నవారి దగ్గర చేరితే ముందు ముందు ఇబ్బంది అవుతుందేమోనని భయపడుతున్నారు.

నేను విజయనగరం వాడిని. ఉద్యోగ జీవితమంతా ఇమ్యునాలజీలోనే గడిచింది. గైడుగా ఉన్నాను, ఎంపిక కమిటీల్లో కూర్చున్నాను, ఇలాంటి అంకెలు పట్టుకుని జరిగిన వాదనలు చాలా విన్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. 52 ఒకరిది, 17 మరొకరిది అన్నంత మాత్రాన ఎవరి పరిశోధన గొప్పదో తేలదు. ఎవరి పేపర్లను ఇతరులు ఎన్నిసార్లు ప్రస్తావించారో అంతవరకే తెలుస్తుంది. పరిశోధన విలువ తెలియాలంటే పేపర్లు తెరిచి చదవాలి. ఎమ్మెస్సీ చదివిన మీరు ఆ పని ఓపికగా ఒక వారంలో చేయగలరు.

ముందు హెచ్-ఇండెక్స్ సంగతి. 2005లో జార్జ్ హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించారు. ఒకరి పేపర్లలో పదిహేడింటికి, ఒక్కోదానికి కనీసం 17 చొప్పున సైటేషన్లు (ఇతరుల పేపర్లలో ప్రస్తావనలు) ఉంటే ఆ వ్యక్తి హెచ్-ఇండెక్స్ 17. ఈ అంకె పెరుగుతుందే గాని తగ్గదు. పరిశోధన మానేసినా పాత పేపర్ల మీద పెరుగుతూనే ఉంటుంది. అందుకే పదవీ విరమణకు దగ్గరపడినవారిని, పదిహేనేళ్ల కిందట ల్యాబ్ మొదలుపెట్టినవారిని దీనితో పోల్చకూడదు. ఆ తేడా తెలిసే హిర్ష్ ఈ అంకెను పరిశోధనలో గడిపిన ఏళ్లతో భాగించి చూడమన్నారు. మీ ఇద్దరు గైడ్లకూ ముందు ఆ భాగహారం చేయండి. తేడా సగానికి సగం తగ్గినా నేను ఆశ్చర్యపోను. ఇంకో లోపం కూడా ఉంది. ప్రయోగాన్ని ఆలోచించి, చేయించి, రాసినవారికీ, ఇరవై మంది రచయితల మధ్య పన్నెండో పేరుగా ఉన్నవారికీ హెచ్-ఇండెక్స్ లెక్కలో ఒకే విలువ.

ఆ తర్వాత రంగం చూడాలి. క్యాన్సర్ ఇమ్యునోథెరపీ మీద ప్రపంచవ్యాప్తంగా వేల ల్యాబ్‌లు పనిచేస్తున్నాయి. అక్కడ ఒక మోస్తరు పేపరుకు కూడా రెండేళ్లలో వంద సైటేషన్లు రావచ్చు. బోదకాలు ఇమ్యునాలజీ చేసేవారు కొద్దిమందే. అందులో ఎంత మంచి పేపరు రాసినా, దాన్ని ప్రస్తావించగలిగే మనుషులే తక్కువ. పేదల జబ్బును పట్టించుకున్నవారికి సైటేషన్లు తక్కువగా ఉండటం ఆ రంగానికి డబ్బు తక్కువగా రావడం వల్ల. దాన్ని ఆ పరిశోధకురాలి లోపంగా చూడటం అన్యాయం. ఆవిడ 17ని అదే రంగంలో అంతే అనుభవం ఉన్నవారి అంకెతో పోల్చి చూడండి.

జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి ఎక్కువ రాయను. గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన వ్యాసాలకు ఒక ఏడాదిలో వచ్చిన సైటేషన్ల సగటు అది. అది జర్నల్‌కు చెందిన అంకె. దాన్ని మనిషి విలువగా వాడవద్దని కోరే శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2012లోనే తయారైంది.

మీ నాన్నగారికి నమ్మకం కలగాలంటే ఈ ఉదాహరణ చెప్పండి. 2025 వైద్యశాస్త్ర నోబెల్ ఇమ్యునాలజీకే వచ్చింది. షిమోన్ సకాగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పంచుకున్నారు. మన రోగనిరోధక కణాలు మన శరీరం మీదే తిరగబడకుండా అదుపు చేసే ఒక రకం టీ కణాలు ఉన్నాయని సకాగుచి 1995లో చూపించారు. అది అచ్చయింది జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో. మంచి జర్నలే, కానీ పత్రికల వాళ్లు పేరు విని ఉలిక్కిపడేటంత పేరున్నది కాదు. అప్పటికి అణచివేసే టీ కణాలు అనే ఆలోచన మీద చాలామందికి నమ్మకం పోయింది. అంతకు ముందు దశాబ్దంలో దాని మీద వచ్చిన పనిలో ఎంతో భాగం నిలబడకపోవడమే కారణం. నమ్మకం పోయిన ప్రశ్నను ఆయన వదలలేదు. 2001లో బ్రంకో, రామ్స్‌డెల్ ఉన్న బృందం స్కర్ఫీ అనే ఎలుకల్లో చెడిన జన్యువును కనిపెట్టింది. ఫాక్స్‌పీ3 అని దానికి పేరు పెట్టారు. అదే జన్యువు చెడితే పసిపిల్లల్లో ఐపెక్స్ అనే తీవ్రమైన ఆటోఇమ్యూన్ జబ్బు వస్తుందని కూడా తేలింది. రెండేళ్లకు ఆ జన్యువే సకాగుచి కణాల ఎదుగుదలను నడుపుతుందని రుజువైంది. ఆ జన్యువును వెతికినప్పుడు బ్రంకో పనిచేసింది ఒక బయోటెక్ సంస్థలో. ఆమె ప్రచురణల జాబితా మన విశ్వవిద్యాలయాల్లోని చాలామంది ఆచార్యుల జాబితా కన్నా చిన్నది. ఆ జాబితాను మన ఎంపిక కమిటీల ముందు పెడితే ఎన్నిచోట్ల మొదటి వడపోతలోనే పక్కన పెట్టేవారో నాకు తెలుసు. ఆ విషయం తలచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

కటాలిన్ కరికో కథ మీరు వినే ఉంటారు. ఆమె, డ్రూ వైస్‌మన్ 2005లో ఇమ్యునిటీ పత్రికలో వేసిన పేపరును అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఆర్‌ఎన్‌ఏ నిర్మాణంలోని న్యూక్లియోసైడ్ అనే భాగాన్ని కాస్త మారిస్తే రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా చూడటం తగ్గుతుందని అందులో ఉంది. కోవిడ్ ఎంఆర్‌ఎన్‌ఏ టీకాలు ఆ పునాది మీదే వచ్చాయి. 2023లో వారికి నోబెల్ వచ్చింది.

అయితే ఇవి చదివి, తక్కువ సైటేషన్లు ఉన్న ప్రతివారిలోనూ ఒక కరికో దాగి ఉందని అనుకోకండి. తక్కువ సైటేషన్లు ఉన్న పేపర్లలో చాలావాటికి అంతకు మించి రావలసిన అవసరం కూడా లేదు. అంకె రెండు వైపులా మోసం చేస్తుంది. ప్రపంచంలో అత్యధికంగా ప్రస్తావించే పేపరు ఏది? ప్రోటీన్‌ను కొలిచే పద్ధతి చెప్పిన లౌరీ గారి 1951 నాటి పేపరు. మూడు లక్షలకు పైగా సైటేషన్లు. అది ఎంతో పనికొచ్చే పద్ధతి, కానీ జీవశాస్త్రంలో అంతకన్నా లోతైన ఆవిష్కరణలు వందల్లో ఉన్నాయి. మన యల్లాప్రగడ సుబ్బారావు గారి విషయమూ అలాంటిదే. 1925లో ఫిస్క్‌తో కలిసి ఆయన రాసిన ఫాస్పరస్ కొలత పద్ధతి దశాబ్దాలపాటు బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లన్నిటిలో వాడుకలో ఉంది, సైటేషన్లకు కొదవ లేదు. మరి డీఈసీ సంగతి చూడండి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఆరోగ్య కార్యకర్తలు ఏళ్ల తరబడి ఇంటింటికీ తిరిగి దగ్గరుండి మింగించిన బోదకాలు మాత్ర అది. లెడర్లీ అనే మందుల సంస్థలో సుబ్బారావు గారి నాయకత్వంలోని బృందం తెచ్చిన మందు. 1947లో వచ్చిన ఆ ప్రయోగ పత్రంలో ఆయన పేరు రచయితల్లో చివరిది. కోట్లమంది మింగిన మాత్ర సైటేషన్ల లెక్కలో ఎక్కడా కనబడదు.

చివరి పేరు అన్నాను గనుక రచయితల వరుస గురించి చెప్పాలి. మన రంగంలో మొదటి పేరు సాధారణంగా ప్రయోగం చేసిన విద్యార్థిది లేదా పోస్ట్‌డాక్‌ది (పీహెచ్‌డీ తర్వాత పరిశోధన చేసేవారిది). చివరి పేరు ల్యాబ్ పెద్దది, ఆ ప్రశ్న వారిది, బాధ్యతా వారిదే. మధ్యవారు నమూనాలు ఇచ్చినవారో, ఒక పరీక్ష చేసిపెట్టినవారో. పబ్‌మెడ్ అనే వైద్య పరిశోధన పేపర్ల డేటాబేస్‌లో మీ ఇద్దరు గైడ్ల పేర్లూ వెతికి, చివరి రచయితలుగా, కరెస్పాండింగ్ రచయితలుగా (పేపరు గురించి జవాబు చెప్పే బాధ్యత ఉన్నవారిగా) ఉన్న పేపర్లు మాత్రమే వేరు చేయండి. మూడు వందల పేపర్లలో అలాంటివి ఎన్ని మిగులుతాయి? నలభైలో ఎన్ని? వాటిలో రివ్యూలు ఎన్ని? ఇతరుల పనిని సమీక్షించే రివ్యూలకు సొంత ప్రయోగాల పేపర్ల కన్నా ఎక్కువ సైటేషన్లు రావడం మామూలే. ఈ వడపోత తర్వాత మిగిలిన జాబితా మీదే మాట్లాడుకోవాలి.

ఇక్కడ తెలుగువాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, జర్నళ్లు దాన్ని చివరికి మారుస్తాయి, కొన్నిసార్లు అసలు పేరునే ఇంటిపేరు అనుకుంటాయి. పైగా మన రెండు జిల్లాల్లో సూర్యనారాయణ, అప్పలరాజు, పైడిరాజు, రావు, నాయుడు ఎందరో! ఒకే పొడి అక్షరాలున్న ముగ్గురి పేపర్లు ఒకే గూగుల్ స్కాలర్ పేజీలో చేరిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఒకరి పేపర్లు రెండు రకాల పేర్ల కింద చీలిపోవడమూ చూశాను. అంచేత వారి ఆర్కిడ్ (పరిశోధకుల గుర్తింపు సంఖ్య) పేజీతో గాని, సంస్థ పేజీలోని జాబితాతో గాని సరిచూసుకోండి. ఇమ్యునాలజీ ఆచార్యుడి పేజీలో కాంక్రీటు మీద పేపరు కనిపిస్తే అది మరొకరిది.

రెండు శాతం జాబితా గురించి. దాన్ని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఇచ్చిన బిరుదులాగా వార్తల్లో రాస్తున్నారు. అక్కడి ఆచార్యుడు జాన్ అయోనిడిస్, మరికొందరు కలిసి స్కోపస్ అనే సైటేషన్ల డేటాబేస్ సమాచారంతో లెక్కగట్టే పట్టిక అది. అందులో జీవితకాలపు జాబితా వేరు, ఒక ఏడాది జాబితా వేరు. మీరు చూసిన వార్త దేని గురించో కనుక్కోండి. ఆ పట్టికలో ఎవరు తమ పేపర్లను తామే ఎంత శాతం ప్రస్తావించుకున్నారో చూపే గడి ఉంటుంది. ఇటీవలి విడతల్లో ఉపసంహరించిన పేపర్ల వివరాలూ చేర్చారు. ఆ పట్టికను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. పేరున్న వరుసను చివరిదాకా చదవండి.

ఇప్పుడు అసలు పని: మూడు పేపర్లు ఎంచుకుని చదవడం. ఒకటి పదేళ్ల కిందటిది, ఒకటి ఐదేళ్ల కిందటిది, ఒకటి తాజాది, అన్నిటిలో వారే చివరి రచయిత అయి ఉండాలి. ఒక ప్రశ్న నుంచి తర్వాతి ప్రశ్న పుట్టిందా, లేక ఏటా ఫ్యాషన్‌గా ఉన్న అంశానికి మారుతున్నారా? నా దృష్టిలో పరిశోధకుడి విలువకు ఇంతకు మించిన కొలత లేదు.

బోదకాలు పేపర్లు చదివేటప్పుడు ఏం చూడాలో కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే అది మన ప్రాంతపు జబ్బు, మీరు చేరదలచుకున్నదీ అందులోనే. బోదకాలు తెచ్చే వుచెరేరియా బాంక్రాఫ్టి పురుగు ఒకే ఊళ్లో, ఒకే దోమల మధ్య బతికే మనుషుల్లో వేరు వేరుగా ప్రవర్తిస్తుంది. ఒకరి రక్తంలో మైక్రోఫైలేరియా (ఆ పురుగు పిల్లలు) లెక్కలేనన్ని ఉంటాయి, కానీ పైకి ఏ లక్షణమూ ఉండదు. వారిలో పురుగు మీద టీ కణాల స్పందన మందగించి ఉంటుంది, స్పందనను తగ్గించే ఐఎల్-10 అనే సంకేత ప్రోటీన్, ఐజీజీ4 అనే రకం యాంటీబాడీ ఎక్కువగా ఉంటాయి. ఇంకొకరికి కాలు వాచి ఏనుగు కాలయి ఉంటుంది, రక్తంలో మైక్రోఫైలేరియా దాదాపు కనబడవు, స్పందన మాత్రం ఉధృతంగా ఉంటుంది. మూడో మనిషి అదే వీధిలో పుట్టి పెరిగినా అతనిలో ఇన్‌ఫెక్షన్ ఆనవాలే ఉండదు. ఈ మూడో గుంపును ఎండెమిక్ నార్మల్స్ అంటారు. మంచి పేపరులో ఈ మూడు గుంపులూ ఉంటాయి, వీలైతే జబ్బు లేని ప్రాంతం వారు నాలుగో గుంపుగా ఉంటారు. బలహీనమైన పేపరులో ఊళ్లోని రోగుల రక్తాన్ని తెచ్చి, ల్యాబ్‌లో పనిచేసే విద్యార్థుల రక్తంతో పోలుస్తారు. అక్కడ కనబడిన తేడా బోదకాలుదా, తిండిదా, కడుపులోని నులిపురుగులదా, వయసుదా ఎవరు చెప్పగలరు? అలాంటి పేపరుకు రెండు వందల సైటేషన్లు ఉన్నా నేను దాని మీద నమ్మకం పెట్టను.

నమూనాలు ఎలా తెచ్చారో కూడా చదవండి. మన దగ్గరి రకంలో మైక్రోఫైలేరియా రాత్రిపూట, సుమారు పది నుంచి రెండు మధ్య, రక్తంలోకి ఎక్కువగా వస్తాయి. అర్ధరాత్రి ఊరిలో తలుపులు తట్టి వేలి చివర రక్తం తీసుకోవాలంటే ఆ ఊరి నమ్మకం సంపాదించి ఉండాలి. ఆ పని చేసిన ఆరోగ్య కార్యకర్తల పేర్లు కృతజ్ఞతల్లోనైనా ఉన్నాయా? ఫలితాలు ఊరివాళ్లకు చెప్పారా? మైక్రోఫైలేరియా ఉన్నవారికి మందు ఇచ్చారా? మీరు ఉద్దానం పక్కనే పెరిగారు. కిడ్నీ జబ్బు కారణం వెతకడానికి రక్తం, మూత్రం ఎన్నోసార్లు ఇచ్చిన కుటుంబాలు మీకు తెలిసే ఉంటాయి. నమూనా తీసుకుని వెళ్లి మళ్లీ ముఖం చూపించనివారి మీద ఆ కుటుంబాల్లో ఎంత కోపం ఉంటుందో నేను వేరే చెప్పనక్కరలేదు. ఈ విషయం ఏ ఇండెక్స్‌లోనూ రాదు, కానీ మీరు అయిదేళ్లు అక్కడే పనిచేయాలి.

సైటేషన్లలో కనబడని ప్రభావం మరొకటి చెబుతాను. రాత్రి రక్తంతో పనిలేకుండా పగలే బోదకాలు పురుగు యాంటిజెన్‌ను (పురుగు నుంచి రక్తంలోకి వచ్చే పదార్థాన్ని) పట్టుకునే కార్డు పరీక్ష 1990లలో వచ్చింది. ఒకే లక్ష్యాన్ని పట్టే మోనోక్లోనల్ యాంటీబాడీల మీద అంతకు ముందు ఏళ్ల తరబడి ఓపికగా చేసిన పని దాని వెనక ఉంది. ఆ వరుసలో వచ్చిన స్ట్రిప్‌తోనే, మాత్రల పంపిణీ ఆపవచ్చో లేదో తేల్చడానికి 6–7 ఏళ్ల పిల్లలను పరీక్షిస్తారు. ఆ స్ట్రిప్ వాడే కార్యకర్త ఏ పేపరునూ ప్రస్తావించదు, కానీ ఒక జిల్లా ఆరోగ్య నిర్ణయం దాని మీద ఆధారపడుతుంది. మీ రెండో గైడు పని ప్రభుత్వ మార్గదర్శకాల్లోకి గాని, పరీక్షా కిట్‌లోకి గాని, పేటెంట్‌లోకి గాని వెళ్లిందా అని నేరుగా అడగండి. అడిగితే ఆవిడ సంతోషిస్తారు.

ఇక జాగ్రత్తలు. ఇద్దరి పేర్లనూ పేపర్లలోని లోపాలను చర్చించే పబ్‌పీర్ సైటులో, ఉపసంహరించిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ జాబితాలో వెతకండి. ఎలిజబెత్ బిక్, ఆమె సహచరులు 2016లో ఇరవై వేలకు పైగా పేపర్లు పరిశీలించి, సుమారు 3.8 శాతంలో బొమ్మలు అనుమానాస్పదంగా పునరావృతమయ్యాయని చూపించారు. వెస్టర్న్ బ్లాట్‌లు (ప్రోటీన్లను చూపే చిత్రాలు), ఫ్లో సైటోమెట్రీ (కణాలను రకాలవారీగా లెక్కించే పద్ధతి) చిత్రాలు మన రోజువారీ పని గనుక ఇది మనకు దగ్గరి విషయం. ఒకటి అరా సరిదిద్దుకున్న పేపరు ఉంటే భయపడకండి, తప్పును సవరించుకున్నవారి మీద నాకు గౌరవం. అదే ల్యాబ్ నుంచి ఇలాంటి తప్పులు పదే పదే వస్తుంటే మాత్రం వెళ్లవద్దు. డబ్బు కడితే వారంలో వేసే జర్నళ్లలో పేపర్లు ఎక్కువగా ఉన్నా అంతే. ఆమోదించిన జర్నళ్ల యూజీసీ కేర్ జాబితాను 2025లో ఆపేశారు గనుక జర్నల్ మంచిదో కాదో ఇప్పుడు మీరే చూసుకోవాలి.

మొదటి ఆయనకు అన్యాయం చేయను. మూడు వందల పేపర్లు ఉండటం తప్పు కాదు. పెద్ద ఆసుపత్రులతో కలిసి చేసే బహుకేంద్ర అధ్యయనాల్లో పేర్లు అలాగే చేరతాయి, అది నిజాయితీ గల పనే. పెద్ద ల్యాబ్‌లో పరికరాలు, సీనియర్లు, పరిచయాలు దొరుకుతాయి. నేను చూడమనేది ఇంకొకటి: గత ఐదేళ్లలో ఆయన దగ్గర పీహెచ్‌డీ పూర్తిచేసినవారి పేర్లు రాసుకుని, ఒక్కొక్కరికీ మొదటి రచయితగా ఎన్ని పేపర్లున్నాయో, ఎన్నేళ్లు పట్టిందో, ఇప్పుడు ఎక్కడున్నారో వెతకండి. 2022 నిబంధనల్లో యూజీసీ థీసిస్‌కు ముందు పేపరు తప్పనిసరి అనే షరతు తీసేసింది. కానీ పోస్ట్‌డాక్‌కు వెళ్లేటప్పుడు మీ పేరు మొదట ఉన్న ఒక్క గట్టి పేపరే మిమ్మల్ని నిలబెడుతుంది. ఇరవై మంది విద్యార్థులున్న చోట గైడు మిమ్మల్ని నెలకు ఎన్నిసార్లు కూర్చోబెట్టుకుని డేటా చూస్తారో అక్కడి విద్యార్థులనే అడగండి, అదీ గైడు లేనప్పుడు.

మీరు రాసినదాన్ని బట్టి నా మొగ్గు రెండో ఆవిడ వైపే. అక్కడి పేపర్లు మిమ్మల్ని ఆలోచింపజేశాయని రాశారు, మొదటి చోట అంకెలు మాత్రమే చెప్పారు. అయితే వెళ్లి చూడకుండా ఒప్పుకోకండి. ఒక రోజు ల్యాబ్ మీటింగ్‌లో కూర్చుంటానని అడగండి. ఫ్లో సైటోమీటర్ సొంతమా, వేరే సంస్థలో వంతు కోసం ఆగాలా, ఇప్పుడున్న ప్రాజెక్టు నిధులు ఎంతవరకు ఉన్నాయి, గ్రామాల్లో నమూనాల సేకరణకు ఎథిక్స్ అనుమతి ఏ తేదీ వరకు ఉంది, మీకు ఇవ్వదలచిన ప్రశ్న ఏమిటి, ఇవి అడగండి. నిధులు ఏడాదిలో అయిపోతుంటే మీ జేఆర్‌ఎఫ్ మీ జీతం వరకే సరిపోతుంది, యాంటీబాడీలు కొనడానికి కాదు. ఆ ఒక్క కారణంతో నా సలహా మారిపోవచ్చు. జేఆర్‌ఎఫ్ ఉత్తరంలో చేరవలసిన గడువు కూడా ఈరోజే చూసుకోండి. ఆవిడ మూడు పేపర్లలో కంట్రోల్ గుంపులు ఎవరో చదివాక సందేహాలుంటే ఇక్కడే రాయండి, చూసి చెబుతాను.